కథానాయకుడు వెళ్లని చోటికి చరిత్ర వెళ్లదు: జి.ఎ. హెంటీ పుస్తకాలు ఎలా తయారయ్యాయి

జార్జ్ ఆల్‌ఫ్రెడ్ హెంటీ (1832–1902) పేరు ఇప్పుడు తెలుగువాళ్లలో చాలామందికి తెలియదు. విక్టోరియా రాణి ఏలుబడి చివరి ఇరవై ఏళ్లలో మాత్రం ఇంగ్లండులో మగపిల్లలకు క్రిస్మస్ కానుకగానో, బడిలో బహుమతిగానో పుస్తకం ఇవ్వాలనుకున్నవాళ్లకు ముందుగా తట్టే పేర్లలో అదొకటి. చిన్నవీ పెద్దవీ కలిపి నూటికి పైగా పుస్తకాలు రాశాడు. ఎక్కువ భాగం పిల్లల చారిత్రక సాహస నవలలే. ఈజిప్టు ఫరోల దగ్గర మొదలై తన కళ్లముందే జరిగిన బోయర్ యుద్ధం దాకా, చేతికందిన ప్రతి యుద్ధాన్నీ నవల చేశాడు. రాజు, మతం, ఖండం మారినా కథ నడిచే తీరు మారలేదు.

ఇంత విస్తారంగా రాసినవాణ్ణి అంచనా వేయడానికి రెండు తేలిక దారులున్నాయి. పిల్లలకు చరిత్ర రుచి చూపించిన మహానుభావుడని ఒకరంటారు, సామ్రాజ్యవాదానికి బాకా ఊదినవాడని ఇంకొకరంటారు. రెండూ అబద్ధాలు కావు. కానీ ఆ రెండింటి వల్లా ఆ పుస్తకాలు ఎలా పనిచేస్తాయో తెలియదు. హెంటీ పక్షపాతం అభిప్రాయాల్లో కంటే పనిపద్ధతిలోనే ఎక్కువగా ఉంది. ఉత్తర సర్కారుల్లో జరిగిన యుద్ధాలు అతని పుస్తకంలోకి ఎలా వచ్చాయో, ఏవి రాలేదో చూస్తే ఆ సంగతి తేటపడుతుంది.

కేంబ్రిడ్జి పక్కన ట్రంపింగ్టన్‌లో పుట్టిన హెంటీ చిన్నతనమంతా రోగిష్ఠి. మంచం మీద నెలల తరబడి పడి ఉండి, ఇంట్లో దొరికిన పుస్తకాలన్నీ చదివేశాడు. వెస్ట్‌మిన్‌స్టర్ బడిలో చేరాక కుస్తీ, బాక్సింగ్ నేర్చుకుని ఒళ్లు గట్టిపరచుకున్నాడు. కేంబ్రిడ్జిలో చదువు పూర్తికాకుండానే క్రిమియా యుద్ధానికి వెళ్లాడు. పోరాడటానికి కాదు, సైనిక ఆసుపత్రులకు సరుకులు అందించే శాఖలో పనికి. వెంట వెళ్లిన తమ్ముడు స్కుటారిలో కలరాతో చనిపోయాడు. అక్కణ్ణుంచి హెంటీ ఇంటికి రాసిన ఉత్తరాలను తండ్రి ఒక పత్రిక సంపాదకుడికి చూపించడంతో అవి అచ్చయ్యాయి. రచన ద్వారా అతను జనానికి తెలిసింది అప్పుడే.

1865 తర్వాత లండన్‌లోని 'స్టాండర్డ్' పత్రికకు యుద్ధ విలేకరి అయ్యాడు. 1866లో ఇటలీలో గరిబాల్డీ దళాల వెంట, 1868లో అబిసీనియాలో నేపియర్ సేన వెంట, 1871లో కమ్యూన్ రోజుల పారిస్‌లో, 1873–74లో పశ్చిమాఫ్రికాలో అశాంటి యుద్ధంలో ఉన్నాడు. అబిసీనియా దండయాత్రకు బొంబాయి నుంచి బయలుదేరిన సేన 44 ఏనుగులను కూడా తీసుకెళ్లింది. జూలా రేవులో నీళ్లు చాలక, పట్టించుకునే దిక్కులేక మోతబరువుల కంచరగాడిదలు గుంపులు గుంపులుగా చచ్చాయి. ఆ అవ్యవస్థ మీద హెంటీ కటువుగా రాశాడు. 1875–76లో వేల్స్ యువరాజు పర్యటనతో పాటు భారతదేశానికి వచ్చాడు. హెంటీ ఈ దేశాన్ని సొంత కళ్లతో చూసింది ముఖ్యంగా ఆ రాచ ఊరేగింపు వెనక నుంచే.

అతని నవలల్లో నిజంగా బాగుండే భాగాలకు మూలం ఈ సరుకుల శాఖ ఉద్యోగం, ఈ విలేకరితనమే. కత్తియుద్ధాల వర్ణనలు ఎక్కడైనా దొరుకుతాయి. సేన రోజుకు ఎంత దూరం నడవగలదు, బళ్లు వెనకబడితే ఏమవుతుంది, వాన పడితే మందుగుండు ఎలా దాచాలి, ఆకలిగా ఉన్న సిపాయి ఎప్పుడు తిరగబడతాడు వంటి సంగతులు అతని పుస్తకాల్లో గట్టిగా నిలుస్తాయి. పాత్రలు కొయ్యబొమ్మలనిపించే పుస్తకంలో కూడా ముట్టడి మాత్రం నమ్మేలా ఉంటుంది.

పిల్లల రచయిత కావాలని హెంటీ మొదట అనుకోలేదు. పెద్దల కోసం రాసిన మొదటి నవలలకు పెద్దగా పేరు రాలేదు. భార్య క్షయతో 1865లోనే చనిపోయింది. నలుగురు పిల్లలకు చెప్పిన కథే 'అవుట్ ఆన్ ది పంపాస్' అయింది. దాని మీద 1871 అని ఉంటుంది. అందులోని పిల్లలకు తన పిల్లల పేర్లే పెట్టాడు. విలేకరిగా ఊళ్లు తిరగడం మానేసి పూర్తిగా పిల్లల పుస్తకాలకు కూర్చున్నది మాత్రం 1880 ప్రాంతంలో. ఆ ఏడాదే 'యూనియన్ జాక్' అనే బాలల పత్రికకు సంపాదకుడయ్యాడు. గ్లాస్గోకు చెందిన బ్లాకీ సంస్థ అతని ప్రధాన ప్రచురణకర్త అయ్యాక ఏటా మూడు నాలుగు పుస్తకాలు తప్పకుండా వచ్చేవి.

ఆ వేగానికి అక్కడి బజారు కారణం. 1870 విద్యాచట్టం తర్వాత ఇంగ్లండులో చదవడం వచ్చిన పిల్లల సంఖ్య పెరిగింది. హాజరుకూ, మంచి నడవడికీ, బైబిలు జ్ఞానానికీ బళ్లూ ఆదివారపు బళ్లూ పుస్తకాలే బహుమతిగా ఇచ్చేవి. అలాంటి పుస్తకాన్ని కొనేది పిల్లవాడు కాదు, పెద్దవాళ్లు. పెద్దవాళ్లకు అది చూడగానే ఖరీదైన వస్తువులా కనబడాలి, చదువు చెప్పేదిగా ఉండాలి, అందులో తప్పుడు మాట ఉండకూడదు. బ్లాకీ పుస్తకం సరిగ్గా ఆ కొలతలకే తయారయ్యేది. రంగు బొమ్మ అచ్చువేసిన గుడ్డ అట్ట, లోపల ఎనిమిది నుంచి పన్నెండు దాకా బొమ్మలు, పేజీల అంచులకు పచ్చని పూత, చివర ప్రచురణకర్త పుస్తకాల జాబితా. పెద్ద నవల ఆరు షిల్లింగులు, కాస్త చిన్నది ఐదు. శరదృతువులో దుకాణాలకు చేర్చి, మొదటి పుట మీద మాత్రం రాబోయే ఏడాది తేదీ వేసేవారు. కొత్త సంవత్సరంలో కూడా పుస్తకం పాతబడినట్టు కనిపించకూడదు కదా. అందుకే 'విత్ క్లైవ్ ఇన్ ఇండియా' 1883లో బజారుకు వచ్చినా దాని మీద 1884 అని ఉంటుంది. పాత పుస్తకాలు సేకరించేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. బ్లాకీ తొలి ముద్రణల్లో మొదటి పుట మీద సంవత్సరం ఉంటుంది, తర్వాతి చవక ముద్రణల్లో సాధారణంగా ఉండదు. వాటిలో బొమ్మలు కూడా తగ్గించేవారు.

ఇప్పుడు పనిపద్ధతికి వద్దాం. హెంటీ ఒక యుద్ధాన్ని ఎంచుకోగానే లండన్ లైబ్రరీ నుంచి ఆ కాలానికి చెందిన పుస్తకాలు కట్టగా తెప్పించేవాడు. వాటిలో సంఘటనల వరసను సమగ్రంగా ఇచ్చే పుస్తకం ఒకటి తేలేది. అది వెన్నెముక, మిగతావి రంగులు అద్దడానికి. తర్వాత తాను రాయడు, చెప్పి రాయిస్తాడు. గదిలో పచార్లు చేస్తూనో, పొగ పీలుస్తూ సోఫా మీద వాలి ఉండో కథ చెబుతుంటే రాయసగాడు రాసుకునేవాడు. యుద్ధ ఘట్టాలకు వచ్చేసరికి చరిత్ర గ్రంథం ఎదురుగా తెరిచి ఉండేది. అతని శైలిలో కనిపించే ఒక వింతకు కారణం ఇదే. సంభాషణలు మాట్లాడే జోరులో ఉంటాయి, యుద్ధాలు మాత్రం ఒక్కసారిగా గ్రంథభాషలోకి మారిపోతాయి. ఒక పేరాలో పిల్లవాడు నిచ్చెన ఎక్కుతుంటాడు. తర్వాతి పేరాలో ఎడమ పార్శ్వం బలగం ఎంత, ఫిరంగులు ఎన్ని, సేనాని పేరేమిటి అన్న లెక్కలు వస్తాయి. ఆ లెక్కల పేజీలను పిల్లలు దాటేస్తారు. వందేళ్ల కిందటి పిల్లలు కూడా దాటేసే ఉంటారు.

చరిత్ర ఇలా గడ్డకట్టడం ఈ ప్రక్రియలో రాసే ఎవరికైనా ఎదురయ్యే కష్టమే. పదహారేళ్ల కుర్రవాడు బురుజు కింద ఉంటే అతనికి కనిపించేది ఆ బురుజే. సేనాని పన్నాగం, శత్రువు సంఖ్య, రాజధానిలో రాయబారం అతని కంటికి ఆనవు. అవి చెప్పకపోతే పాఠకుడికి యుద్ధం అర్థం కాదు, చెబితే కథ ఆగిపోతుంది. దీనికి హెంటీ వాడిన విరుగుడు తెలివైనది. కుర్రవాడికి ఎప్పుడూ రెండు శిబిరాల మధ్య తిరిగే పని ఇస్తాడు. సేనాని పక్కన ఉండే సహాయకుడు, ఉత్తరాలు మోసేవాడు, దుబాసీ, వేగులవాడు. ఈ నాలుగు ఉద్యోగాల్లో ఏదో ఒకటి ఉంటే డేరాలోని చర్చ వినొచ్చు, మరునాడు మైదానంలోనూ ఉండొచ్చు. ఇక భాష నేర్చుకోవడం. హెంటీ కథానాయకుడు కొత్త దేశంలో అడుగుపెట్టిన రోజు నుంచే అక్కడి భాష పట్టుదలగా నేర్చుకుంటాడు. పిల్లలకు శ్రమ విలువ చెప్పే పాఠంలా కనిపిస్తుంది గానీ, అసలు పని కథ మధ్యలో పడుతుంది. వాడు వేషం మార్చాలి, పట్టుబడాలి, తప్పించుకోవాలి. భాష రానివాడికి ఈ మూడూ కుదరవు.

మిగతా చట్రం అందరికీ తెలిసిందే. తండ్రి చనిపోవడమో ఆస్తి పోవడమో జరిగి కుర్రవాడు సంపాదనకు బయలుదేరతాడు. ఒళ్లు గట్టిది, మాట నిజమైనది, తెలివి సాధారణమైనది. ప్రయాణంలో ఒక ప్రమాదం, నమ్మకమైన తోడు ఒకడు, అసలు పేరున్న గొప్ప సేనాని దృష్టిలో పడటం, చెర, విడుదల, ఒక అమ్మాయిని కాపాడటం, చివర డబ్బుతో ఇంటికి చేరడం. 'విత్ క్లైవ్ ఇన్ ఇండియా'లో చార్లీ మార్యట్ సరిగ్గా ఈ దారిలోనే నడుస్తాడు. తండ్రి పోయాక మేనమామ సాయంతో ఈస్టిండియా కంపెనీలో గుమాస్తా ఉద్యోగం దొరికి మద్రాసు చేరతాడు. క్లైవ్ కూడా మద్రాసులో గుమాస్తాగానే మొదలయ్యాడు కాబట్టి, కంపెనీ చరిత్రే హెంటీ చట్రానికి అనుకూలంగా జరిగినట్టుంది. వెంట టిమ్ కెల్లీ అనే ఐరిష్ తోడు ఉంటాడు. నవ్వించే బాధ్యతంతా వాడిదే.

నవల 1751 ఆర్కాటు ముట్టడి దగ్గర మొదలై 1761 పుదుచ్చేరి పతనం దాకా పదేళ్లు నడుస్తుంది. చారిత్రక వివరాలు పూర్తిగా సరైనవేనని హెంటీ ముందుమాటలో హామీ ఇచ్చి, తన ఆధారాలు కూడా చెప్పాడు. ఒకటి రాబర్ట్ ఓర్మ్ రాసిన చరిత్ర, రెండోది మాల్సన్ రాసిన క్లైవ్ జీవితం. ఈ నిజాయితీని మెచ్చుకోవాలి. అసలు మెలిక కూడా ఇక్కడే ఉంది. ఓర్మ్ కంపెనీ ఉద్యోగి, మద్రాసు కౌన్సిల్ సభ్యుడు, క్లైవ్‌కు స్నేహితుడు. 1756లో క్లైవ్‌ను కలకత్తా పంపాలన్నవాళ్లలో అతనూ ఒకడు. తేదీలు, బలగాల విషయంలో అతను జాగ్రత్తపరుడు. అతని కిటికీ మాత్రం సెయింట్ జార్జి కోటలోది. హెంటీ ఆ కిటికీ దగ్గరే ఒక కుర్రవాణ్ణి నిలబెట్టాడు.

ఆ నవలలో మచిలీపట్నం పేరుతో ఒక అధ్యాయమే ఉంది. దాని వెనక ఉన్న అసలు సంఘటనలు ఇవి. 1758లో అక్కడి ఫ్రెంచి సేనల నాయకుడు బుస్సీని పై సేనాని లాలీ దక్షిణానికి పిలిపించుకోవడంతో ఉత్తర సర్కారుల్లో ఫ్రెంచివాళ్ల పట్టు సడలింది. విజయనగరం పాలకుడు ఆనంద గజపతిరాజు అదను చూసి విశాఖపట్నాన్ని ఫ్రెంచివాళ్ల నుంచి లాక్కుని, ఇంగ్లీషు వాళ్లను సాయం అడిగాడు. మద్రాసు వాళ్లు కదల్లేదు. కలకత్తా నుంచి క్లైవ్, కర్నల్ ఫోర్డ్‌తో 500 మంది యూరోపియన్లనూ 2,000 మంది సిపాయిలనూ ఓడల్లో పంపాడు. 1758 డిసెంబరు 7న చందుర్తి దగ్గర (ఇప్పటి కాకినాడ జిల్లా, గొల్లప్రోలు వైపు) కాన్‌ఫ్లాన్స్ నాయకత్వంలోని ఫ్రెంచి సేన ఓడిపోయింది. తర్వాత రాజమహేంద్రవరం చేజిక్కింది. అక్కడ డబ్బు గొడవతో వారాల తరబడి ఆలస్యం. 1759 మార్చిలో ఫోర్డ్ మచిలీపట్నం కోట ముందుకు చేరాడు.

మచిలీపట్నం కోట చుట్టూ మూడు వైపులా పర్ర, నాలుగో వైపు సముద్రపు పాయ. కోట లోపలివాళ్ల సంఖ్య ముట్టడించేవాళ్ల కంటే ఎక్కువ. ఫోర్డ్ దగ్గర డబ్బు లేదు. జీతాలు, దోపిడీలో వాటా గురించి అతని యూరోపియన్ సోల్జర్లు తిరగబడితే వాగ్దానాలతో శాంతింపజేయాల్సి వచ్చింది. అటు నిజాం సలాబత్ జంగ్ పెద్ద సేనతో బెజవాడ వైపు వచ్చాడు. సముద్రం మీద ఫ్రెంచివాళ్లకు అదనపు బలగం వస్తోంది. ఏప్రిల్ 7 నాటికి మందుగుండు రెండు రోజులకు మించి లేదు. వెనక్కి పోవడానికి దారి కూడా లేకపోవడంతో ఆ రాత్రే ఎగబాకాలని నిశ్చయించారు. సముద్రం పాటు మీద ఉన్నప్పుడు అగడ్తలో నీళ్లు మూడడుగులకు తగ్గుతాయి. ఆ వేళ చూసుకుని కదిలారు. కెప్టెన్ నాక్స్ దళం నైరుతి వైపు పర్రలో నుంచి నడిచి దొంగదాడి చేసింది. రాజుగారి మనుషులు ముందువైపు హడావుడి చేశారు. అసలు దెబ్బ ఈశాన్యపు బురుజు మీద పడింది. 350 మందికి లోపు యూరోపియన్లు, 1,400 మంది సిపాయిలతో చేసిన ఆ దాడిలో దాదాపు 500 మంది యూరోపియన్లు, 2,500 మంది సిపాయిలు పట్టుబడ్డారు. మే నెలలో సలాబత్ జంగ్ సంధి చేసుకుని మచిలీపట్నం సర్కారును కంపెనీకి వదిలాడు. తెలుగు కోస్తా మీద కంపెనీ పాలనకు అది తొలి పెద్ద మెట్టు.

సాహస నవలకు ఇంతకంటే మంచి ముడిసరుకు దొరకదు. కాలం తరుముకొస్తోంది, మందుగుండు అయిపోతోంది, ఆటుపోట్ల లెక్క, చీకటి, బురద. హెంటీ లాంటివాడు ఇందులో ఏదీ చేజార్చుకోడు. అయితే ఇదే కథలో ఆనందరాజు ఎలా కనిపిస్తాడో చూడాలి. ఇంగ్లీషు ఆధారాల్లో అతను అడుగడుగునా డబ్బు ఎగ్గొట్టే, భయపడే, వెనకాడే మనిషి. ఒప్పందం తీరు వేరే సంగతి చెబుతుంది. సైన్యం ఖర్చుకు నెలకు 50,000 రూపాయలు ఇస్తానని రాజు ఒప్పుకున్నది నిజమే. అది చెల్లించాల్సింది రాజమహేంద్రవరం అతని స్వాధీనమయ్యాక. లోపలి దేశం రాజుకు, సముద్రతీరం కంపెనీకి అని పంపకం కూడా అందులోనే ఉంది. చందుర్తి గెలిచిన మరునాడే డబ్బు తెమ్మంటే షరతు ఇంకా నెరవేరలేదని రాజు అనడం బేరగాడి మాటే కావచ్చు, పిరికివాడి మాట మాత్రం కాదు. పైగా ముందటి పాలకుడు హత్యకు గురైన గద్దె మీద కొత్తగా కూర్చున్నవాడు, ఫ్రెంచివాళ్లు తిరిగొస్తే మొదట పోయేది తన తలే. ఈ లెక్కలన్నీ రాజుగారి డేరాలో ఉన్నవి. ఫోర్డ్ డేరాలో కూర్చున్న కుర్రవాడికి వినిపించేది ఇవ్వాళ కూడా డబ్బు రాలేదన్న మాట ఒక్కటే.

హెంటీ అబద్ధం రాయలేదు. ఆధార గ్రంథం ఎక్కడ నిలబడిందో కథానాయకుణ్ణి అక్కడే నిలబెట్టాడు, ఆ కుర్రవాడు మంచివాడని పాఠకుణ్ణి నమ్మించాడు. మంచివాడి కంటికి విసుగుగా కనిపించినవాడు పాఠకుడికీ విసుగే. విమర్శకులు తరచూ ఎత్తిచూపే జాతిదురహంకార వాక్యాలు, ముఖ్యంగా అశాంటి యుద్ధం మీద 1884లో వచ్చిన 'బై షీర్ ప్లక్'లోవి, నిజంగా సహించరానివే. కానీ అవి కంటికి కనిపిస్తాయి కాబట్టి వాటిని కొట్టేయొచ్చు. కథానాయకుణ్ణి ఏ డేరాలో నిలబెట్టారన్నది కొట్టివేతకు లొంగదు. ఇప్పుడు కొందరు ప్రచురణకర్తలు నొప్పించే మాటలు తీసేసి ఇలాంటి పాత పుస్తకాలను మళ్లీ వేస్తే పని అయిపోయిందనుకోవడం అందుకే పొరపాటు.

బొబ్బిలి విషయం ఇంకా గట్టి సాక్ష్యం. 1757 జనవరి 24న బుస్సీ సేనలూ, ఆనందరాజుకు ముందు విజయనగరం ఏలిన విజయరామరాజు సేనలూ బొబ్బిలి కోటను ముట్టడించాయి. కోటలోని మగవాళ్లు ఆడవాళ్లనూ పిల్లలనూ తమ చేతులతోనే చంపి, చివరి మనిషి దాకా పోరాడి పోయారు. మూడో రాత్రి బొబ్బిలి మనుషులు డేరాలో దూరి విజయరామరాజును పొడిచి చంపారు. తెలుగువాళ్ల నోట అది తాండ్ర పాపారాయుడి కథ. ఈ సంఘటనంతా ఓర్మ్ తన చరిత్రలో వివరంగా, గౌరవంగా రాశాడు. అంటే హెంటీ ముందు తెరిచి ఉన్న పుస్తకంలోనే అది ఉంది. నవలలో బొబ్బిలి దృశ్యం లేదు. కారణం కుట్ర కాదు, క్యాలెండరు. ఆ జనవరిలో క్లైవ్ బెంగాల్‌లో కలకత్తాను తిరిగి పట్టుకుంటున్నాడు, కథానాయకుడు అతని వెంట ఉండాలి. బొబ్బిలి దగ్గర ఒక్క ఇంగ్లీషు సోల్జరు లేడు. ఓర్మ్ చరిత్రకారుడు కాబట్టి అక్కడికి వెళ్లగలిగాడు, హెంటీ చట్రం వెళ్లలేకపోయింది. చందుర్తిలో ఆనందరాజు ఎందుకు అంత జంకుతో ప్రవర్తించాడో తెలియాలంటే కావాల్సిన సంఘటన అదే. అది లేకపోవడంతో రాజు ఊరికే పిరికివాడిలా మిగిలిపోతాడు.

హెంటీకి ఓడినవాళ్ల వైపు నిలబడటం చేతకాదని అనుకుంటే తప్పు. 'ది యంగ్ కార్తజీనియన్' హానిబాల్ వైపు నుంచి సాగుతుంది. 'బెరిక్ ది బ్రిటన్' రోమన్లతో పోరాడిన బ్రిటన్ కుర్రవాడి కథ. 'ఫర్ ది టెంపుల్' రోమన్ల ముట్టడిలో జెరూసలేం వైపు ఉన్న యూదు యువకుడిది. రోమ్ సామ్రాజ్యాన్ని ఎదిరించినవాడికి మనసు ఇవ్వడం అతనికి కష్టం కాలేదు. భారతదేశానికి వచ్చేసరికి ఆ చేయి ముందుకు రాలేదు. చాలా దగ్గర దాకా వచ్చిన సందర్భాలు మాత్రం ఉన్నాయి. 1896 నాటి 'ది టైగర్ ఆఫ్ మైసూర్'లో కథానాయకుడు డిక్ హాలండ్ తల్లి ఒక కల్పిత భారతీయ రాజుకూ ఇంగ్లీషు స్త్రీకీ పుట్టిన బిడ్డ, హిందుస్తానీ కొడుక్కి ఆమే నేర్పుతుంది. 1902 నాటి 'ఎట్ ది పాయింట్ ఆఫ్ ది బయొనెట్'లో ఇంగ్లీషు పిల్లవాణ్ణి మరాఠా ఆయా తన బిడ్డలా పెంచుతుంది. రెండింటిలోనూ ఈ నేల భాష, వేషం, నడక కథానాయకుడికి వచ్చేస్తాయి, విధేయత మాత్రం దాటదు. శ్రీరంగపట్నం లోపలి నుంచి టిప్పు సేనలోని కుర్రవాడి కథగా అదే ముట్టడిని రాసే నేర్పు హెంటీకి ఉంది, 'ఫర్ ది టెంపుల్' అందుకు రుజువు. కొనే పెద్దవాళ్లు దాన్ని బహుమతిగా ఇవ్వరు, అంతే.

1902 నవంబరులో వేమత్ రేవులో తన పడవ మీదే హెంటీ కన్నుమూశాడు. అతని చట్రం మాత్రం ముప్పై ఏళ్లపాటు పెద్దగా మార్పు లేకుండా ఇతరుల చేతుల్లో నడిచింది. దాన్ని తిరగేసినవాడు జెఫ్రీ ట్రీజ్ అనే ఇంగ్లీషు పిల్లల రచయిత. 1934లో రాబిన్ హుడ్ కథను పాలెగాళ్ల వైపు నుంచి కాక పొలం కూలీల పిల్లవాడి వైపు నుంచి చెప్పాడు. గమనించాల్సింది, ట్రీజ్ యంత్రాన్ని పారేయలేదు. పారిపోయే కుర్రవాడు, రహస్య ఉత్తరం, వేషం, చెర అన్నీ అలాగే ఉన్నాయి. నిలబెట్టిన చోటు మాత్రం మార్చాడు. 1954 తర్వాత రోజ్‌మేరీ సట్‌క్లిఫ్ ఇంకో అడుగు వేసి, రోమన్లూ బ్రిటన్లూ ఒకరినొకరు అర్థం చేసుకోలేని ఖాళీలోనే కథ నడిపింది. ఆమె చేతిలో లెక్కల పేజీలు దాదాపు మాయమయ్యాయి.

హెంటీ పుస్తకాలకు హక్కుల గడువు ఎప్పుడో తీరింది కాబట్టి అంతర్జాలంలో ఉచితంగా దొరుకుతాయి. అమెరికాలో ఇంట్లోనే పిల్లలకు చదువు చెప్పే కుటుంబాల కోసం ఇటీవలి దశాబ్దాల్లో మళ్లీ అచ్చు కూడా వేశారు. తెలుగులో పిల్లల చారిత్రక నవల రాయాలనుకునేవాళ్లు అతణ్ణి ఒకసారి చదవడం దండగ కాదు. ముట్టడి అధ్యాయాలు చాలు. ఒక్కో పేరా పక్కన, ఈ సంగతి ఈ కుర్రవాడికి ఎలా తెలిసింది అని గుర్తు పెట్టుకుంటూ పోతే, యంత్రం మరలు ఎక్కడ వదులయ్యాయో తెలుస్తుంది. జవాబు దొరకని పేరా ప్రతిదీ చరిత్ర గ్రంథం నుంచి ఎత్తుకొచ్చిందే అయి ఉంటుంది.

బొబ్బిలినే తీసుకుంటే ఆధారాలకు కొదవ లేదు. తేదీలకు, బలగాలకు ఓర్మ్ ఉన్నాడు. కోట లోపలి మనుషులకు, మాటల తీరుకు, పౌరుషానికి జంగాలు పాడిన బొబ్బిలి కథ, దిట్టకవి నారాయణకవి 'రంగరాయ చరిత్రము' ఉన్నాయి. పాటలో అంకెలు నమ్మడానికి లేదు, ఓర్మ్‌లో మాటలు దొరకవు. కాబట్టి ఏది దేనికి వాడాలో ముందే తేల్చుకోవాలి. అసలు చిక్కు కథానాయకుడి చోటుదే. కోట లోపల పెడితే వాడు బతకకూడదు. ఓర్మ్ రాసినదాని ప్రకారం అంతా అయిపోయాక ఒక ముసలివాడు బొబ్బిలి రాజు రంగారావు కొడుకును తెచ్చి ఫ్రెంచి అధికారి లా చేతిలో పెట్టాడు. ఆ బిడ్డ మరీ చిన్నవాడు, కథ మోయలేడు. బుస్సీ శిబిరంలో దుబాసీ దగ్గర పనిచేసే పన్నెండేళ్ల కుర్రవాడైతే ఫ్రెంచివాళ్ల మాటలూ విజయరామరాజు మనుషుల మాటలూ రెండూ వింటాడు, ముట్టడిని బయటి నుంచి చూస్తాడు, మూడో రాత్రి డేరా దగ్గర కేకలూ వింటాడు. కానీ కోట లోపల ఆ చివరి గంటలో ఏం జరిగిందో వాడికి తెలియదు. దాన్ని ముసలివాడి నోట చెప్పించాలా, చెప్పించకుండా వదిలేయాలా అన్నది రాయబోయేవాళ్లు మొదటి పేజీకి ముందే నిర్ణయించుకోవాల్సిన సంగతి. ముసలివాడు ఆ బిడ్డతో బయటికి వచ్చే వేళకు ఆ కుర్రవాడు ఏ డేరా ముందు ఉండాలన్నది దాన్నిబట్టే తేలుతుంది.